ఇది పుస్తకం కాదే, కేటలాగు

పోయిన నెల అక్క మా ఇంటికి వచ్చినప్పుడు సోఫా మీద మా వాడి కామిక్ పుస్తకం ఒకటి పడి ఉంది. అక్క దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, చివరి పేజీ దగ్గర ఆగింది. "ఇది పుస్తకం కాదే, కేటలాగు. వాళ్ల ప్రకటనని నువ్వు డబ్బిచ్చి మరీ కొనుక్కొచ్చావు" అంది. అక్క ఇరవై ఏళ్లుగా చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. పిల్లలు ఏం చదవాలన్న విషయంలో తన మాటంటే నాకు గురి. అందుకని అప్పుడేమీ అనలేదు. కానీ ఆ మాట ఇంకా మనసులోంచి పోలేదు.

ఆ పుస్తకం వరకు అక్క అన్నది నిజమే. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన చిన్న బొమ్మ ఒకటి అంటించి అమ్మే రకం అది. లోపల మూడు కథలు. మూడింటిలోనూ మంచివాళ్లు చిక్కుల్లో పడతారు, కొత్త బండి ఒకటి వస్తుంది, గెలుస్తారు. చివరి పేజీలో ఆ బండి ఫోటో, పక్కన దానికి తగిలించుకునే మిగతా బళ్లు. మా వాడికి ఏడేళ్లు. పది నిమిషాల్లో చదివేసి నా దగ్గరికి వచ్చి అడిగాడు: "అమ్మా, ఈ బండి ఎప్పుడు కొంటావు?"

అదే వారం వాడు ఇంకో కామిక్ చదివాడు. అదీ ఒక బొమ్మల కంపెనీ కోసం పుట్టిందే, కాకపోతే పాతది. కథ మధ్యలో పుస్తకం అయిపోయేసరికి గాభరాగా పరిగెత్తుకొచ్చాడు. "తర్వాత ఏమైంది?"

ఒకే పిల్లవాడు, ఒకే రకం పుస్తకాలు, రెండు ప్రశ్నలు. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇన్నాళ్లూ ఆలోచించాక నాకు తోచింది ఇది. బొమ్మలు అమ్మడానికి పుట్టినంత మాత్రాన కామిక్ పనికిరానిది అయిపోదు. కంపెనీ తన బొమ్మ గురించి ముందుగా ఎంత తక్కువ తేల్చిపెడితే, రాసేవాడికి అంత చోటు దొరుకుతుంది. బొమ్మకి ఎంత కాపలా కాస్తే కథ అంత ఎండిపోతుంది.

అక్క వైపు ఉన్న బలం

ముందు అక్క వాదననే గట్టిగా చెప్పాలి. ఎందుకంటే చరిత్ర చాలావరకు తన వైపే ఉంది.

1969లో అమెరికాలో హాట్ వీల్స్ అనే బొమ్మ కార్ల మీద ఒక టీవీ కార్టూన్ వచ్చింది. పోటీ కంపెనీ ఒకటి అక్కడి ప్రసార నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది: ఇది కార్యక్రమం కాదు, అరగంట ప్రకటన అని. ఆ సంస్థ ఒప్పుకుంది. అందులో కొంత భాగాన్ని ప్రకటన సమయం కింద లెక్క రాయమంది. 1970లో అవే కార్ల మీద డీసీ అనే కామిక్స్ కంపెనీ వాళ్లు పుస్తకం కూడా తెచ్చారు. ఈ లెక్కల గొడవ మాత్రం టీవీకే. అచ్చులో ఏ పేజీ కథ, ఏ పేజీ ప్రకటన అని కొలిచే పద్ధతి లేదు.

1982లో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది. అప్పట్లో బొమ్మల టీవీ ప్రకటనల్లో యానిమేషన్ ఎంతసేపు చూపించాలో పరిమితి ఉండేది. కామిక్ పుస్తకం ప్రకటనకు ఆ పరిమితి లేదు. దాంతో హాస్‌బ్రో తన జీఐ జో సైనికుల బొమ్మలకు కాకుండా, మార్వెల్ అనే కామిక్స్ కంపెనీ వేసే జీఐ జో కామిక్ పుస్తకానికి యానిమేషన్‌తో టీవీ ప్రకటన ఇచ్చింది. అంటే పుస్తకం అమ్ముడవ్వాలన్నది అసలు కోరిక కాదు. పుస్తకం పేరు చెప్పి బొమ్మల్ని కదిలించి చూపించాలన్నదే కోరిక. ఇంతకంటే తేటగా అక్క మాటకు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

నేను దీన్ని కాదనను. నన్ను ఆపుతున్నది మాత్రం ఒక్కటే: అలాంటి పుస్తకంలోకి లారీ హామా అనే రచయిత వచ్చి కూర్చున్నాడు. 1982 నుంచి 1994 దాకా నడిచిన ఆ 155 సంచికల్లో చాలావాటిని అతనే రాశాడు.

రంగు లేని సైనికుడు

హామా వియత్నాం యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. బొమ్మ ప్యాకెట్ వెనక అచ్చయ్యే చిన్న పరిచయ కార్డులు కూడా అతను రాసినవే. వీడు ఏ ఊరివాడు, సైన్యంలోకి రాకముందు ఏం చేసేవాడు, దేనికి చిరాకు పడతాడు. బొటనవేలంత కాగితంలో ఒక మనిషి.

ఆ మొదటి బొమ్మల్లో ఒకడికి ముఖం లేదు. తయారీ ఖర్చు తగ్గించాలని కంపెనీ ఒక బొమ్మకు రంగు వేయకుండా నల్ల ప్లాస్టిక్‌గానే వదిలేసింది. వాడే స్నేక్ ఐస్. కంపెనీకి అది పొదుపు. హామాకి అది ఒక ప్రశ్న: వీడు ముఖం ఎందుకు కప్పుకున్నాడు? దానికి జవాబుగా ఒక హెలికాప్టర్ ప్రమాదం, కాలిన ముఖం, పోయిన గొంతు పుట్టాయి. మొత్తం దళంలో చదువరులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఈ మాట్లాడని మనిషినే.

1984 మార్చి తేదీతో వచ్చిన 21వ సంచికలో హామా ఇంకో అడుగు వేశాడు. పుస్తకం మొత్తంలో ఒక్క మాట లేదు. సంభాషణ లేదు, వివరణ లేదు, శబ్దాలు రాసే అక్షరాలు కూడా లేవు. ఒక కోట, అందులో బందీ అయిన మనిషి, తీసుకురావడానికి ఒంటరిగా వెళ్లే స్నేక్ ఐస్. అంతా బొమ్మల్లోనే.

నేను ఆ సంచికను మా వాడికి ఇవ్వడానికి చాలా తటపటాయించాను. కత్తులున్నాయి, తుపాకులున్నాయి. యుద్ధాన్ని ఆటవస్తువు చేయడం నాకు ఎప్పుడూ నచ్చదు, ఇప్పటికీ నచ్చదు. చివరికి పక్కన కూర్చుని ఇచ్చాను. వాడు ఇంకా కూడబలుక్కుని చదివే వయసులోనే ఉన్నాడు. మామూలుగా కామిక్ తీస్తే మాటల బుడగల్లో ఇరుక్కుపోయి, రెండు పేజీలకోసారి "ఇక్కడేముంది?" అని నన్ను లాగుతాడు. ఈసారి నన్ను అడగలేదు. తనే చెప్పడం మొదలుపెట్టాడు. "వీడు కిందకి చూస్తున్నాడు, ఎందుకంటే భయమేస్తోంది. కానీ వెనక్కి వెళ్లడు." భయమేస్తోందని ఆ పేజీలో ఎక్కడా లేదు. ముఖమే కనిపించని మనిషిలో వాడు భయం చూశాడు.

తెలుగులో బొమ్మ అంటే ఆడుకునేదీ బొమ్మే, కాగితం మీద గీసిందీ బొమ్మే. ఆ గంటసేపు ఆ మాటలోని రెండు అర్థాలూ మా సోఫా మీద ఒకటైపోయాయి. చదివాక వాడు ఆ బొమ్మ కావాలని అడగలేదా అంటే, అడిగాడు. రెండో రోజు. మొదటి రోజంతా అడిగింది వేరు: "స్నేక్ ఐస్‌కీ, వాడి శత్రువుకీ చేతి మీద ఒకే గుర్తు ఎందుకుంది?"

బొమ్మ పోయి కథ మిగిలింది

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 1977 క్రిస్మస్‌కి రచయిత బిల్ మాంట్లో కొడుక్కి మైక్రోనాట్స్ బొమ్మలు కానుకగా వచ్చాయి. జపాన్‌లో తకారా చేసిన బొమ్మల్ని అమెరికాలో మెగో అనే కంపెనీ అమ్మేది. కొడుకు ఆడుకుంటున్న బొమ్మల్ని చూసిన మాంట్లోకి వాటి చుట్టూ ఒక లోకం కనిపించింది. మార్వెల్‌లో పట్టుబట్టి ఆ బొమ్మల హక్కులు తీసుకునేలా చేశాడు. అంటే ఇక్కడ కామిక్ కావాలన్న ఆలోచన కంపెనీ అమ్మకాల గదిలో పుట్టలేదు, ఒక నాన్న కళ్లముందు పిల్లవాడు నేలమీద కూర్చుని ఆడుతుంటే పుట్టింది. 1979లో మొదలైన ఆ కామిక్ 1984 దాకా, 59 సంచికలు నడిచింది. అప్పటికి ఆ బొమ్మలు దుకాణాల్లో లేవు, మెగో దివాలా తీసింది.

అదే మాంట్లో, చిత్రకారుడు సాల్ బుసేమాతో కలిసి, రామ్ (ROM) అనే బొమ్మకు కూడా కథ రాశాడు. ఇది ఇంకా విచిత్రం. పార్కర్ బ్రదర్స్ 1979లో తెచ్చిన ఆ బొమ్మ ఒకే ఒక్క బొమ్మ. శత్రువు లేడు, స్నేహితుడు లేడు, బండి లేదు. వెండిరంగు శరీరం, చేతిలో పట్టుకునే రెండు మూడు పరికరాలు, వెలిగే దీపాలు, కొన్ని శబ్దాలు. పేరు కంప్యూటర్ భాగం నుంచి తీసుకున్నది. బొమ్మ సరిగా అమ్ముడుపోలేదు, త్వరగానే కనుమరుగైంది.

మాంట్లో ఆ ఖాళీలో ఏం నింపాడో చూడండి. రామ్ తన గ్రహాన్ని కాపాడుకోవడానికి మనిషి శరీరాన్ని వదులుకుని లోహంగా మారినవాడు. శత్రువులు మనుషుల రూపంలో భూమి మీద దాక్కున్నారు. చేతిలోని పరికరం వెలుతురులో వాళ్లెవరో అతనికి మాత్రమే తెలుస్తుంది. అతను వాళ్లను వేరే లోకానికి పంపేస్తే, చుట్టూ ఉన్నవాళ్లకు కనిపించేది మాత్రం ఒక లోహపు రాక్షసుడు తమ పక్కింటివాణ్ణి బూడిద చేయడం. నిజం తెలిసినవాడు ఒక్కడే, అతన్ని నమ్మేవాళ్లు అరుదు. బ్యాటరీతో వెలిగే ఒక దీపం నుంచి ఇంత ఒంటరితనం తీశాడు. ఈ కథ 75 సంచికలు నడిచి 1986లో ముగిసింది. బొమ్మ హక్కుల చిక్కుల వల్ల తర్వాత దశాబ్దాల తరబడి మళ్లీ అచ్చు కాలేదు. 2024లో గానీ పెద్ద సంపుటాలుగా రావడం మొదలవలేదు. కేటలాగు కోసం ఎవరైనా అన్నేళ్లు ఎదురుచూస్తారా? ఈ మాట అక్కను అడగాలని నాకు చాలా ఉంది.

చంపమని చెబితే

ఖాళీ ఇచ్చారు సరే, తర్వాత ఒత్తిడి రాదా? వస్తుంది. బళ్లుగా మారే రోబోల కథ, ట్రాన్స్‌ఫార్మర్స్ కామిక్ చదివితే ఆ ఒత్తిడి పేజీల మీదే కనిపిస్తుంది.

ఆ బొమ్మలు కూడా జపాన్‌లో తకారావే. అక్కడ వాటిలో చాలావాటికి మనసు లేదు, లోపల చిన్న డ్రైవర్ కూర్చుని నడిపే యంత్రాలు. 1984లో హాస్‌బ్రో వాటిని అమెరికాకు తెస్తూ పేర్లు, స్వభావాలు ఇమ్మని మార్వెల్‌ని అడిగింది. ఎక్కువ భాగం అక్కడి రచయిత బాబ్ బుడియాన్‌స్కీ మీద పడింది. మెగాట్రాన్ అన్న పేరు మరీ భయపెట్టేలా ఉందని హాస్‌బ్రో మొదట సందేహించింది. వాడు దుర్మార్గుల నాయకుడు, భయపెట్టాలి కదా అని అతను నిలబడ్డాడు. ఆ పేరు ఇప్పటికీ ఉంది.

నాలుగు సంచికలతో ముగించాలనుకున్న ఆ కామిక్ 80 దాకా వెళ్లింది. చివరి సంచిక ముఖచిత్రం మీద నాలుగు సంచికల పరిమిత ధారావాహికలో 80వది అని వేశారు. కానీ ఆ దారిలో ప్రతి ఏడూ కొత్త బొమ్మలొచ్చాయి, ప్రతి బొమ్మా కథలోకి రావాలి, పాతవి వెళ్లాలి. కొన్ని సంచికల్లో ఒకే పేజీలో అరడజను మంది తమ పేర్లు తామే చెప్పుకుంటూ దిగుతారు. అవి చదవడం నాకు కష్టంగా ఉంటుంది, దాచడం ఎందుకు. అక్క చేతికి ముందు ఆ సంచికలే దొరికి ఉంటే ఈ వాదన అక్కడే ముగిసేది.

అయినా 1987 జనవరి తేదీతో ఉన్న 24వ సంచిక దగ్గర నేను ఆగిపోతాను. నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మ అమ్మకం ముగింపుకు వచ్చింది, అతను కథలోంచి వెళ్లాలి. బుడియాన్‌స్కీ అతన్ని యుద్ధంలో పడగొట్టలేదు. ఇద్దరు నాయకులూ ఒక కంప్యూటర్ ఆటలో తలపడతారు, ఓడినవాణ్ణి పేల్చేయాలని ఒప్పందం. ఆటలో గెలిచే ప్రయత్నంలో ఆప్టిమస్ వల్ల ఆ ఆట లోపలి అమాయక జీవులు కొందరు చనిపోతారు. తెర మీద కనిపించే కల్పిత ప్రాణులు, అంతే. కానీ అమాయకుల ప్రాణం తీసి గెలవడం తనకు ఓటమేనని ఆప్టిమస్ తేల్చుకుంటాడు. తనను పేల్చమంటాడు. పేల్చేస్తారు.

ఆ కథ గురించి పెద్దవాళ్లు నవ్వుకోవడం విన్నాను. వీడియో గేమ్‌లో చీమల్లాంటి వాళ్ల కోసం ప్రాణం వదిలేయడమేంటి అని. నేనైతే అలా అనుకోలేను. మా వాడు బొమ్మలతో ఆడుతూ కిందపడేసిన ఒకదాన్ని తీసి "సారీ" అని చెప్పడం ఎన్నోసార్లు చూశాను. కల్పిత ప్రాణికి కూడా నొప్పి ఉంటుందని నమ్మే వయసు అది. ఆ వయసుని అంత గౌరవంగా పట్టించుకున్న కథ నాకు ఇంకోటి గుర్తుకు రావడం లేదు. చంపమన్న ఆదేశం అమ్మకాల గది నుంచే వచ్చింది. ఎలా చనిపోవాలన్నది మాత్రం ఒక రచయిత తేల్చాడు.

నా మాటకు అడ్డొచ్చేవి

ఖాళీ బొమ్మకే మంచి కథ అన్న నా లెక్కకు పెద్ద చిల్లు మై లిటిల్ పోనీ. 2012 నవంబరులో ఐడీడబ్ల్యూ సంస్థ ఆ కామిక్ మొదలుపెట్టేనాటికి ఆ గుర్రప్పిల్లల్లో ప్రతిదాని స్వభావం టీవీలో ఖరారైపోయి ఉంది. ఎక్కడా ఖాళీ లేదు. అయినా కేటీ కుక్ రాసిన, ఆండీ ప్రైస్ గీసిన మొదటి సంచికలు ఎంతో బాగుంటాయి. ప్రైస్ వెనక గోడల మీద, గుంపుల్లో, మూలల్లో గీసిన చిన్న చిన్న సంగతుల కోసం మా మేనకోడలు ఒకే పేజీని పావుగంట చూస్తుంది. బహుశా ఖాళీ అన్నది బొమ్మలోనే ఉండక్కర్లేదేమో, పేజీ మూలల్లో దొరికినా చాలేమో. ఇక్కడ నా లెక్క పూర్తిగా సరిపోలేదని ఒప్పుకోవాలి.

ఇంకో సందేహం ఇంతకంటే బాధపెడుతుంది. ఒకరోజు ఆ మేనకోడలు, మా వాడు కలిసి ఆడుకుంటున్నారు. తను ఒక రోబోను తీసి టీచర్‌ని చేసి, మిగతావాటిని వరసగా కూర్చోబెట్టింది. మా వాడు ఒప్పుకోలేదు. "వీడు టీచర్ కాడు, చెడ్డవాడు. పుస్తకంలో ఉంది" అని లాక్కున్నాడు. పుస్తకం రాకముందు అదే రోబో వాడి దగ్గర డాక్టరు, డ్రైవరు, ఒకసారి అమ్మ కూడా అయింది. నేను ఇంతసేపు పొగిడిన కథలే ఆ తలుపులు మూసేశాయా? ఆ పూట నాకు చాలా దిగులేసింది. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. కొన్ని వారాలకు ఆ రోబో మళ్లీ డాక్టరైంది, "మంచివాడైపోయాడు" అన్న వివరణతో. ఆ వివరణ కావాల్సి రావడం మంచిదో కాదో నాకిప్పటికీ తేలలేదు.

మూడోది అక్క చెప్పిందే. 8 ఏళ్ల లోపు పిల్లలకు ప్రకటన వెనక తమతో కొనిపించే ఉద్దేశం ఉందని అర్థం కాదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2004లో చెప్పింది. మా వాడికి ఏడు. హామా ఎంత గొప్పగా రాసినా, ఆ గొప్పతనం కూడా బొమ్మ మీద కోరికను పెంచేదే. మంచి కథ వల్ల పుట్టిన కోరిక ఇంకా లోతుగా నాటుకుంటుందేమో కూడా. కొనగలిగిన ఇంట్లో ఇది చిన్న పేచీ. కొనలేని ఇంట్లో పిల్లవాడు రోజూ మోసే బరువు.

అందుకే ఈ కామిక్స్ అన్నీ మంచివని నేను అనను. అక్క అన్నట్టు అన్నీ ఒకటేనని కూడా ఒప్పుకోలేను. ప్లాస్టిక్ కవర్లో వచ్చిన ఆ పుస్తకంలో బండి ఎప్పుడూ గెలవాల్సిందే. దానికి గీత పడకూడదు, అది భయపడకూడదు, దారి తప్పకూడదు. రామ్ ఊరి జనం చేత రాళ్లు వేయించుకోవచ్చు, ఆప్టిమస్ ఓడిపోవచ్చు, స్నేక్ ఐస్‌కి ముఖమే లేకపోవచ్చు. ఓడిపోవడానికి వీల్లేని బొమ్మ గురించి పిల్లవాడు "తర్వాత ఏమైంది" అని ఎందుకు అడుగుతాడు? వాడికి ముందే తెలుసు.

మొన్న ఫోన్లో ఇదంతా అక్కకు చెప్పాను. ఓపిగ్గా వింది. "రామ్ కథ బాగుందే. నాకూ పంపించు" అంది. కాసేపాగి, "కానీ వాడికి ఇచ్చేముందు ఆ చివరి పేజీలు మాత్రం చింపెయ్" అంది. అది మంచి సలహా అనిపించి, ప్లాస్టిక్ కవర్ పుస్తకంలోంచి ఫోటోల పేజీలు చింపి బల్ల మీద పెట్టి మర్చిపోయాను.

సాయంత్రానికి అవి అక్కడ లేవు. మా వాడు కత్తెరతో బళ్లన్నింటినీ చుట్టూ కత్తిరించి, వెనక అట్టముక్కలు అంటించి నిలబెట్టాడు. దుప్పటి మడత నది అయింది. కొనమని అడిగిన ఆ కొత్త బండే నది మధ్యలో ఆగిపోయింది, ఒక చక్రం దగ్గర కాగితం చిరిగింది కూడా. "ఇప్పుడెలా మరి?" అని అడిగాను. వాడు బండి వైపు చూస్తూ, "ఉండమ్మా, ఇంకా అనుకోలేదు" అన్నాడు.